మూడో వరసలో అత్తగారు

"ఫ్లూ కాదు, కోవిడ్ కాదు. ఇంకేముంది? మధ్యాహ్నానికల్లా అమ్మ ఇంట్లో ఉంటుంది," అంది ఆడపడుచు, సంచిలో తువ్వాలు కుక్కుతూ.

చెప్పులు వేసుకోబోతున్న కోడలు ఆగింది.

అత్తగారు ఆస్పత్రిలో చేరి ఇది అయిదో రోజు. నిన్న సాయంత్రమే పరీక్ష ఫలితం వచ్చింది. దొరికింది ఆర్‌ఎస్‌వీ అనే వైరస్. "చంటిపిల్లలకి జలుబు తెప్పించేదేనండీ" అన్నాడు ల్యాబు మనిషి, కిటికీలోంచి కాగితం అందిస్తూ. ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది. నాలుగు రోజులుగా ఎంగిలి పడ్డాననిపిస్తున్న ఆడపడుచు కడుపునిండా తింది.

"ఇవాళ వద్దు చిట్టీ," అంది కోడలు. "ఇంకో రెండు రోజులు చూద్దాం."

"దేనికి చూడ్డం? పిల్లల జలుబుకి కూడా వారం రోజులు మంచం మీద కూర్చోబెడతారా?"

"పిల్లల్లో జలుబే. డెబ్బై దాటినవాళ్ళల్లో అలా ఉండదు."

"ఎవరు చెప్పారు నీకు?"

"మా రికార్డులు."

"ఓహో, వచ్చాయండీ రికార్డులు!" ఆడపడుచు సంచి మంచం మీద పడేసింది. "డాక్టర్లకి తెలియనిది కాగితాలు సర్దేవాళ్ళకి తెలుస్తుంది కాబోలు."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కోడలి పని కాగితాలు సర్దడమే. అదే ఆస్పత్రిలో రికార్డుల గదిలో పదకొండేళ్ళుగా ఉద్యోగం. రెండేళ్ళ నుంచి ఊపిరితిత్తుల డాక్టరు ఆమెకి ఇంకో పని కూడా అప్పగించాడు. చలికాలంలో ఊపిరందక చేరినవాళ్ళ కేస్ షీట్లన్నీ తీసి, ఒక పట్టీలో మూడు వరసలు కట్టాలి. మొదటి వరస ఫ్లూ, రెండోది కోవిడ్, మూడోది ఆర్‌ఎస్‌వీ. వయసెంత, ఆక్సిజన్ ఎన్ని రోజులు, ఐసీయూకి వెళ్ళారా, ఇంటికి వెళ్ళారా, తొంభై రోజుల తర్వాత ఉన్నారా. పేర్లుండవు, అంకెలే.

మూడో వరస మిగతా రెంటికంటే చిన్నది. కానీ అందులో మనుషులు ఆక్సిజన్ మీద ఎక్కువ రోజులున్నారు. ముసలివాళ్ళల్లో పోయినవాళ్ళు, వందకి ఇంతమంది అని చూస్తే, ఫ్లూ వరసకి ఏమీ తక్కువ కాదు.

"అన్నయ్యా, నువ్వు చెప్పు," అంది ఆడపడుచు.

ఆ అన్నయ్య, కోడలి భర్త, గోడవారన కూర్చుని స్క్రూడ్రైవర్లు సైజుల వారీగా పెట్టెలో పేర్చుకుంటున్నాడు. పొద్దున లేచిందగ్గర్నుంచి పేర్చడం ఇది మూడోసారి. లిఫ్టు మెకానిక్. అంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళకి తలుపు సందులోంచి కబుర్లు చెప్పి ధైర్యమిచ్చే మనిషి. ఇంట్లో ఇద్దరాడవాళ్ళ మధ్య తను ఇరుక్కుంటే మాత్రం నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు ఉండిపోతాడు.

"డాక్టరేమంటే అది," అన్నాడు చివరికి.

"డాక్టరు పంపించేస్తానంటోంది. అడ్డం పడుతోంది ఈవిడ. అసలు నన్నడిగితే, జబ్బు ఇంట్లోకి ఎలా వచ్చింది? అమ్మ గడప దాటలేదు. రోజూ ఆస్పత్రి గాలి పీల్చి వచ్చేదెవరు? జబ్బుకి కాళ్ళున్నాయా, నడిచి రావడానికి?"

నేలమీద పరిచిన దుప్పటి మీద ఆడపడుచు కూతురు బోర్లా పడి, తల ఎత్తి అందర్నీ చూసింది. ఎనిమిది నెలలది. బొద్దుగా ఉంటుందని ఇంట్లో అందరూ బుడంకాయ అంటారు. ముక్కు ఇప్పుడిప్పుడే ఆరుతోంది.

కోడలు బుడంకాయ వైపు చూసి, చూపు తిప్పుకుంది. చెప్పులేసుకుని బయటికి నడిచింది.

రెండు వారాల కిందట ఆడపడుచు పుట్టింటికి వచ్చిన రోజున బుడంకాయ ముక్కు కారుతోంది, గుండెల్లో పిల్లికూతలు. కోడలు అప్పుడే అంది. "నాలుగు రోజులు అత్తయ్య పక్కలో పడుకోబెట్టకు చిట్టీ." ఆడపడుచు మొహం కందగడ్డయింది. "నా కూతురేమన్నా రోగాల పుట్టా?" అంది. అత్తగారు నవ్వేసి, "దానికి ముక్కు, నాకు దగ్గు. ఇద్దరికీ జోడీ కుదిరింది," అంటూ మనవరాల్ని ఒళ్ళోకి లాక్కుంది.

కోడలు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నాకెందుకొచ్చిన గొడవ అనుకుంది. అలా అనుకోవడంలో కాస్త సుఖం కూడా ఉంది. చెప్పాను, వినలేదు, ఇక వాళ్ళ కర్మ. ఆ సుఖం అత్తగారికి జ్వరం వచ్చేదాకా ఉంది.

*

వార్డులో అత్తగారు తల దువ్వుకుని, మంచం అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. డెబ్బై మూడేళ్ళు. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ముప్ఫై ఏళ్ళు ఊరందరి మాటలూ ఆవిడ చెవుల మీదుగానే వెళ్ళాయి.

"వచ్చావా అమ్మాయ్? కోర్టు తీర్పు వచ్చిందట. నేను నిర్దోషినట."

మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగింది. ఊపిరి తీసుకోవడానికి. అది కోడలు తప్ప ఎవరూ గమనించలేదు.

డ్యూటీ డాక్టరమ్మ కాగితం నింపుతోంది. వార్డు కిటకిటలాడుతోంది, నడవాలో ఇద్దరు పేషెంట్లు స్ట్రెచర్ల మీదే ఉన్నారు. "ఆక్సిజన్ తీసేసి గంటయింది. రక్తంలో ఆక్సిజన్ తొంభై నాలుగుంది. జ్వరం లేదు. తీసుకెళ్ళొచ్చు," అంది ఆవిడ.

బుడంకాయని పక్కింట్లో వదిలి, ఆడపడుచు అప్పుడే సంచితో వచ్చింది. "వినబడిందా వదినా?" అంది.

కోడలు సంకోచించింది. డాక్టర్ల ముందు రికార్డుల గది వాళ్ళు నోరు విప్పకూడదన్నది ఎక్కడా రాసి లేదు, కానీ అందరికీ తెలుసు.

"డాక్టరుగారూ, ఒక్కసారి నడిపించి చూస్తారా?"

"ఎందుకు?"

"మా షీట్లలో చాలామంది... మూడో వరసవాళ్ళు... కూర్చున్నప్పుడు బాగానే ఉండి, ఇంటికెళ్ళి మూడోరోజున తిరిగొచ్చారు."

డ్యూటీ డాక్టరమ్మ విసుగ్గా చూసింది. కానీ మంచి మనిషి. అత్తగారి వేలికి క్లిప్పు తగిలించి, "పదండమ్మా, అలా కిటికీదాకా వెళ్ళొద్దాం," అంది.

పద్దెనిమిది అడుగులు. పదో అడుగు దగ్గర తొంభై ఒకటి. కిటికీ చేరేసరికి ఎనభై అయిదు. అత్తగారు కిటికీ చట్రం పట్టుకుని నిలబడింది. పెదాల రంగు మారింది. ఇంకా ఏదో ఛలోక్తి విసరబోయింది కానీ మాట రాలేదు.

డిశ్చార్జి కాగితం నాలుగు ముక్కలైంది.

*

ఊపిరితిత్తుల డాక్టరు పావుగంటలో వచ్చాడు. ఛాతీకి ఇంకో ఎక్స్‌రే తీయించి, నడవాలో ముగ్గురినీ నిలబెట్టి చెప్పాడు. భర్త అప్పటికి పనిలోంచి వచ్చేశాడు. చేతులకి గ్రీజు ఇంకా ఉంది.

"కుడివైపు కింద కూడా నెమ్ము పట్టింది. వైరస్ దారి చేసింది, వెనకాలే ఇంకో క్రిమి దూరింది. మందులు మారుస్తున్నాం. చూద్దాం."

"పిల్లల జలుబన్నారు కదండీ," అంది ఆడపడుచు.

"పిల్లల దగ్గర్నుంచి వస్తుంది, అంతవరకే. ఇంట్లో చిన్నపిల్లలున్నారా? ఈమధ్య ఎవరికన్నా జలుబు చేసిందా?"

ఆ ప్రశ్న ఆయనకి రోజువారీది. జవాబు కోసం కూడా ఆగకుండా నర్సుతో మాట్లాడుతూ వెళ్ళిపోయాడు.

ఆడపడుచు గోడకి చేరగిలబడింది.

"నీకు తెలుసా వదినా?"

"ఏది?"

"బుడంకాయ దగ్గర్నుంచి వచ్చిందని."

"అనుకున్నాను."

"పొద్దున నిన్నన్ని మాటలంటే ఎందుకు ఊరుకున్నావు?"

"నువ్వు బాధపడతావని."

"అది కాదు." ఆడపడుచు తలెత్తింది. "నేను మొదటి రోజు విసుక్కున్నాను. నిజమే. రెండోరోజు చెప్పొచ్చుగా? మూడోరోజు చెప్పొచ్చుగా? రోజూ అమ్మ ఒళ్ళోనే పడుకుంది అది. నువ్వు చూస్తూనే ఉన్నావు. ఈ జబ్బు పెద్దవాళ్ళనేం చేస్తుందో ఈ ఇంట్లో తెలిసినదానివి నువ్వొక్కదానివే."

కోడలికి తోచిన జవాబులేవీ తనకే నచ్చలేదు.

భర్త చేతికున్న గ్రీజు రుమాలుతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఈసారి భార్యవైపు చూశాడు.

*

ఒంటిగంటకి అత్తగారు కోడల్ని ఒక్కదాన్నే పిలిపించింది. ముక్కుకి పెద్ద గొట్టాలు పెట్టారు, గాలి జోరుగా వస్తోంది. ఒక్కో మాటా తూచి వాడుతోంది ఆవిడ.

"నీ పట్టీలో నేనెక్కడున్నాను అమ్మాయ్?"

"ఇంకా ఎక్కించలేదు అత్తయ్యా."

"ఎక్కిస్తే?"

"మూడో వరసలో."

"ఆ డాక్టరమ్మ అడిగింది. ఊపిరి ఆడకపోతే గొంతులో గొట్టం వేసి మెషీన్ పెట్టాలట. ఒప్పుకుంటారా అని. నాకు దాపరికం వద్దు. మీ మూడో వరసలో మెషీన్ దాకా వెళ్ళినవాళ్ళెంతమంది?"

కోడలు దుప్పటి అంచు సరిచేసింది. "పదకొండుమంది."

"తిరిగి ఇంటికి?"

"ఆరుగురు."

అత్తగారు కళ్ళు మూసుకుని లెక్క చూసుకుంది. "సగానికి కాస్త మెరుగు. పర్వాలేదు."

"అవి నమ్మడానికి లేదు అత్తయ్యా. డాక్టరుగారే అంటారు. ఈ వైరస్‌కి అందరికీ పరీక్ష చెయ్యరట, బాగా జబ్బు పడ్డవాళ్ళకే చేస్తారట. అందుకని మన పట్టీలో అది ఉన్నదానికంటే రాక్షసిలా కనబడుతుందట. ఆ వరసలో మొత్తం తొంభై ఏడుగురే మరి."

"సరే. ఆ ఆరుగురిలో తమ చేత్తో తాము తింటున్నవాళ్ళెంతమంది?"

"ఆ గడి మా పట్టీలో లేదు."

"లేదా?" అత్తగారికి నిజంగానే ఆశ్చర్యమేసింది. "రెండేళ్ళబట్టీ అన్ని కాగితాలు తిరగేసి, అదొక్కటీ అడగలేదా? మరేమడిగారమ్మా?"

*

ఊపిరితిత్తుల డాక్టరు కప్పులో టీ చల్లారిపోతుంటే కోడలు చెప్పింది విన్నాడు. తొంభై రోజుల ఫోన్లు ఎటూ కోడలే చేస్తుంది. ఉన్నారా, లేరా అని అడిగి టిక్కు పెడుతుంది.

"ఆరుగురికీ మళ్ళీ ఫోన్ చేస్తాను సార్."

"మీ అత్తగారి కోసమా?"

"అవును."

ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఆ ప్రశ్న మనం మొదటే పెట్టుకోవాల్సింది. ఇవాళ ఆ ఆరుగురికీ చెయ్యండి. రేపట్నుంచి మూడు వరసలవాళ్ళకీ చెయ్యండి. ఒక్క వరసనే అడిగితే అది పోల్చడం కాదు."

రికార్డుల గదిలో ట్యూబులైటు గీపెడుతోంది. కోడలు పెన్సిలు చెక్కుకుని మొదటి నంబరు కలిపింది.

"మా అమ్మా? కిందికెళ్ళిందండీ, పంపు దగ్గర పక్కింటావిడతో పోట్లాడ్డానికి. తినడమా? మా అందరికంటే ముందు తింటుంది."

రెండోవాడు తనే ఎత్తాడు. బస్సు డ్రైవరు. "తింటాను, తాగుతాను, మెట్లు మాత్రం ఎక్కలేను. మా అబ్బాయి కింద వాటా తీసుకున్నాడు నాకోసం."

మూడో నంబరులో ఒకావిడ చాలా మెల్లగా మాట్లాడింది. "నేనే చెంచాతో పెడుతున్నానమ్మా. ఏడాదవుతోంది. మనిషి ఇంటికొచ్చాడు. మా ఆయన మాత్రం రాలేదు."

నాలుగోది పలకలేదు. ఆ నంబరు వాడుకలో లేదు.

అయిదో నంబరులో కూతురు. "నాన్నగారు పోయారండీ."

కోడలు షీటు చూసింది. "బతికే ఉన్నారని ఉందండీ ఇక్కడ."

"మీరు ఫోన్ చేసినప్పుడు ఉన్నారు. ఆ తర్వాత రెండు వారాలకి పోయారు. మీరు మళ్ళీ చెయ్యలేదుగా."

పట్టీలో ఆయన గడి పచ్చరంగులో ఉంది. కోడలు ఆ గడిమీద వేలు పెట్టి కాసేపు కూర్చుంది. రంగు మార్చడానికి నియమాలు ఒప్పుకోవు. తొంభై రోజులంటే తొంభై రోజులే.

ఆరో ఆవిడ తనే తింటోంది. "ఎందుకడుగుతున్నారమ్మా?" అంది. కోడలు మా అత్తగారు మీలాగే ఉన్నారండీ అని చెప్పింది. "మెషీన్ మీద ఉన్నన్నాళ్ళూ నాకేమీ గుర్తులేదు. లేచాక భయమేసింది. ఆ భయం ఉంటుందనీ, పోనుపోను తగ్గుతుందనీ ముందే చెప్పండి ఆవిడకి. నాకెవరూ చెప్పలేదు."

*

అయిదు కొట్టేసరికి అత్తగారి మొహానికి బిగుతు మాస్కు వచ్చింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మంచానికి అటు కొడుకు, ఇటు కూతురు. కాళ్ళ దగ్గర ఊపిరితిత్తుల డాక్టరు.

"ఇంక ఆగడానికి లేదమ్మా," అన్నాడాయన. "మెషీన్ పెట్టమంటారా, వద్దంటారా? మీరే చెప్పాలి."

అత్తగారు ఆయన్ని చూడలేదు. గుమ్మంలోంచి వస్తున్న కోడల్ని చూసింది. కళ్ళతోనే అడిగింది.

"ముగ్గురు అత్తయ్యా," అంది కోడలు, ఆవిడ చెవి దగ్గర వంగి. "ముగ్గురు తమ చేత్తో తింటున్నారు. ఒకరికి పెట్టాలి. ఒకరు తర్వాత పోయారు. ఒకరి సంగతి తెలియలేదు. లేచాక భయమేస్తుందట. అది తగ్గుతుందట."

కొడుక్కీ కూతురికీ అది ఏ లెక్కో అర్థంకాలేదు. అత్తగారికి అర్థమైంది. మాస్కు పక్కకి లాగింది. నర్సు వారించబోతే డాక్టరు ఆపాడు.

"పదకొండు లైన్లలో... మూడు కలిశాయి," అంది. "మా ఎక్స్ఛేంజిలో... ఇంతకంటే అధ్వాన్నంగా ఉండేది. కలపండి."

ఊపిరి కోసం ఆగింది.

"పది రోజులు. ఆ తర్వాత కలవకపోతే... లైను పట్టుకు వేలాడొద్దు."

"పది రోజుల తర్వాత మీరు మాట్లాడలేకపోవచ్చు," అన్నాడు డాక్టరు. "అప్పుడు మీ తరఫున ఎవర్నడగాలి?"

అత్తగారి చెయ్యి లేచింది. కొడుకు అందుకోబోయాడు. ఆ చెయ్యి అతన్ని దాటి, కూతుర్ని దాటి, కోడలి దగ్గర ఆగింది.

నర్సు మాస్కు మళ్ళీ బిగించి, ముగ్గురినీ బయటికి పంపింది. తలుపుకున్న గాజులోంచి లోపల మనుషులు హడావిడిగా సామాను సర్దుతూ కనబడుతున్నారు.

డాక్టరు కాగితం, పెన్ను తెచ్చి కోడలి చేతికిచ్చాడు. "ఆవిడ తరఫున చెప్పడానికి మీరు ఒప్పుకుంటున్నట్టు ఇక్కడ సంతకం చెయ్యండి. పక్కన ఇద్దరు సాక్షులు."

ఆడపడుచు ఏమంటుందోనని కోడలు భయపడింది. ఆడపడుచు ముక్కు చీదుకుని, "నేను పెడతాను సాక్షి," అంది. "పొద్దున నడిపించి చూడమని నువ్వు అడక్కపోతే ఈపాటికి అమ్మ ఇంట్లో ఉండేది. నేను చూస్తూ కూర్చునేదాన్ని."

"నేను పెట్టను," అన్నాడు భర్త.

గట్టిగా అనలేదు. అయినా నడవాలో అందరూ అటు తిరిగారు.

"అన్నయ్యా, తప్పంతా నాది. పిల్లని తెచ్చి పడుకోబెట్టింది నేను."

"నీకు తెలియదు చిట్టీ. తెలియక చేశావు. ఆమెకి తెలుసు." అతను భార్యవైపే చూస్తున్నాడు. "తెలిసి పది రోజులు నోరు మూసుకుంది. రేపు పదోరోజున మళ్ళీ ఎవరో ఒకరు విసుక్కుంటారు. చిట్టి ఏడుస్తుంది, నేను అరుస్తాను. అప్పుడు మళ్ళీ నాకెందుకని ఊరుకోవని ఏమిటి నమ్మకం?"

కోడలు గోడని చూసింది, కాగితాన్ని చూసింది.

"ఊరుకోనని ఎలా చెప్పను?" అంది. "ఒకసారి ఊరుకున్నానుగా."

"నువ్వు తెలిసీ ఊరుకున్నావని అమ్మకి తెలియదు," అన్నాడు భర్త. "తెలియకుండా నీవైపు చెయ్యి చూపించింది. లోపలికెళ్ళి చెప్పు. అంతా చెప్పు. విన్నాక కూడా నిన్నే చూపిస్తే, మొదటి సంతకం నాదే."

"ఇప్పుడా?" అంది ఆడపడుచు. "ఇలాంటప్పుడా?"

డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, వాచీ చూసుకున్నాడు. "మత్తు ఇవ్వడానికి అయిదు నిమిషాలుంది. ఇచ్చాక ఇంక ఆవిడతో మాట్లాడలేరు."

లోపల నర్సు సిరంజిలోకి మందు ఎక్కిస్తోంది.

కోడలు పెన్ను భర్త చేతిలో పెట్టి, తలుపు తోసింది. మంచం మీద అత్తగారు తల తిప్పి, ఇంకా ఏమైనా మిగిలిందా అమ్మాయ్ అన్నట్టు చూసింది.